మెయిన్ కూన్: ఒక గుండె గోడ కథ

“పిల్లికి గుండె జబ్బేమిట్రా, విడ్డూరం కాకపోతే!” అంది అమ్మ ఫోన్లో.

అమ్మ తప్పేమీ లేదు. మా ఊళ్ళో పిల్లులు లారీ కింద పడో, కుక్కల బారిన పడో పోయేవి. గుండె జబ్బుతో పోయిన పిల్లిని ఎవరూ చూసినట్టు లేదు. నేనూ చూళ్ళేదు, మొన్న మార్చిలో మా భీముణ్ణి ఎకో బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టేదాకా. నాలుగేళ్ళవాడు, ఎనిమిది కిలోలు. మెయిన్ కూన్ జాతి. ఈ పేరు మొదటిసారి చెప్పినప్పుడు అమ్మ, “ఇది మెయిన్ కూన అయితే సైడు కూనలెక్కడున్నాయిరా?” అని అడిగింది. మెయిన్ అనేది అమెరికాలో ఈశాన్యం మూలనున్న ఒక రాష్ట్రమనీ, కూన్ అనేది రకూన్‌కి ముద్దుపేరనీ చెప్పాను. ఆవిడ మాత్రం ఇప్పటికీ “కూన ఎలా ఉంది?” అనే అడుగుతుంది. నాకూ అదే బాగుంది.

ఏడాదికోసారి చేయించే పరీక్షలో డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి, మామూలు కంటే కాస్త ఎక్కువసేపు విన్నది. తర్వాత ఎకో. గుండెలో ఎడమ కింది గది గోడ 6.4 మిల్లీమీటర్లు ఉందని తేలింది. పిల్లికి ఆరు దాటితే జబ్బు కిందే లెక్క. దాని పేరు హైపర్ట్రోఫిక్ కార్డియోమయోపతి, పొట్టిగా హెచ్‌సీఎం. తెలుగులో చెప్పాలంటే, గుండె కండ కారణం లేకుండా దళసరెక్కిపోవడం.

వాణ్ణి తెచ్చుకున్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో గుండె జన్యుపరీక్ష నెగటివ్ అని ఉంది. ఇంటికొచ్చి ఆ కాగితం మళ్ళీ తీసి చూశాను. ఆ కాగితం అబద్ధం కాదు, ఎకో కూడా అబద్ధం కాదు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలుసుకుందామని మొదలుపెట్టిన చదువు నన్ను 1895 న్యూయార్కు దాకా, అక్కణ్ణుంచి అనుకోకుండా హైదరాబాదు దాకా తీసుకెళ్ళింది.

ముందు పుట్టుక సంగతి. ఈ జాతి గురించి చెప్పుకునే కథలు మన స్థలపురాణాలకు తీసిపోవు. పిల్లికీ రకూన్‌కీ పుట్టిందని ఒక కథ. తోక చారలు చూసి ఎవరో అల్లి ఉంటారు. అది జీవశాస్త్రం ప్రకారం అసాధ్యం. ఫ్రెంచి విప్లవంలో రాణి మరీ ఆంత్వానెత్ పారిపోవడానికి సిద్ధపడి, శామ్యూల్ క్లఫ్ అనే కెప్టెన్ ఓడలో తన సామానూ, బొచ్చు పిల్లులూ ముందే ఎక్కించిందనీ, రాణి తల తెగినా పిల్లులు మాత్రం మెయిన్ తీరం చేరాయనీ ఇంకో కథ. కూన్ అనే పేరున్న ఓడ కెప్టెన్ రేవు రేవుకీ పిల్లుల్ని దించాడని మరొకటి. వైకింగుల పడవల్లో వచ్చాయని కూడా అంటారు. జన్యువులు చెప్పేది ఇంత సినిమాగా ఉండదు. యూరపు వలసజనంతో ఓడల్లో వచ్చిన మామూలు పిల్లుల వంశమే ఇది. మెయిన్ చలికి ఆగగలిగినవి ఆగాయి. దట్టమైన బొచ్చు, మంచులో కూరుకుపోని వెడల్పాటి పాదాలు, ముక్కు మీద కప్పుకు పడుకోవడానికి పొడుగాటి తోక. గాదెల్లో ఎలుకలు పట్టేది. దీనికి చదువుకున్న యజమాని ఎవరూ అవసరం లేదు, చలే ఎంచింది.

మేముండేది బోస్టన్‌కి అరగంట దూరంలో. జనవరిలో ఒకసారి కారేసుకుని మెయిన్ తీరం వెంట పైకి వెళ్ళినప్పుడు, ఆ గాలికి కారు తలుపు తీయడం కూడా కష్టమైంది. ఆ రోజు అర్థమైంది నాకు ఈ పిల్లి ఆకారానికి అర్థం.

మనుషులు ఎంచడం తర్వాత మొదలైంది. పిల్లుల ప్రదర్శన అనే వ్యవహారాన్ని ఒక పద్ధతిగా మొదలుపెట్టింది ఇంగ్లండులో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు, 1871లో, లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో. అప్పటిదాకా గుర్రాలకూ కుక్కలకూ ఉన్న వంశావళి పిచ్చి పిల్లులకూ అంటుకుంది. అమెరికాలో మొదటి పెద్ద ప్రదర్శన 1895 మే 8న, న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. దాన్ని నిర్వహించింది జేమ్స్ హైడ్ అనే ఇంగ్లీషాయన. అందులో గెలిచింది కోసీ అనే గోధుమచారల ఆడపిల్లి, మెయిన్ కూన్. బహుమతిగా వెండి పట్టెడ ఇచ్చారు. ఆ పట్టెడ ఇప్పటికీ భద్రంగా ఉంది, అమెరికా పిల్లుల సంఘం సీఎఫ్‌ఏ వారి దగ్గర. ఫోటోలో చూశాను. పట్టెడ మిగిలింది గానీ, ఆ మెడ కింద కొట్టుకున్న గుండె ఎలా ఉండేదో చెప్పడానికి దారి లేదు. ఎకో అనే యంత్రం రావడానికి ఇంకో అరవై డెబ్బై ఏళ్ళు పడుతుంది.

అంతకు ముందు సంగతులు మనకు తెలియజేసింది పియర్స్ అనే ఆవిడ. 1903లో ఫ్రాన్సెస్ సింప్సన్ తెచ్చిన పెద్ద పిల్లుల పుస్తకంలో మెయిన్ పిల్లుల మీద ఒక అధ్యాయం ఈవిడ రాసింది. 1861లోనే తమ ఇంట్లో ఒక నలుపుతెలుపు పిల్లి ఉండేదట, దానికి కెప్టెన్ జెంక్స్ ఆఫ్ ది హార్స్ మెరీన్స్ అనే ఇంత బారు పేరు. మా భీముడు అనే పేరు చూసి నవ్వేవాళ్ళకి నేను ఇది చెబుతుంటాను.

ఆ తర్వాత ఫ్యాషను మారింది. పర్షియన్లు, సయామీలు వచ్చాయి. ఇంటి వెనక గాదెలో దొరికే పిల్లికి బహుమతి ఎవరిస్తారు? పొరుగింటి పుల్లకూర రుచి ఎక్కడైనా ఒకటే. 1950లలో ఈ జాతి అంతరించిపోయిందని కూడా ప్రకటించేశారు. నిజానికి అంతరించింది ప్రదర్శనల్లో మాత్రమే, మెయిన్ పల్లెల్లో అవి హాయిగా ఎలుకలు పడుతూనే ఉన్నాయి. ఆ దశాబ్దంలోనే ఆల్టా స్మిత్, రూబీ డయర్ అనే ఇద్దరు మహిళలు సెంట్రల్ మెయిన్ క్యాట్ క్లబ్ పెట్టి, సొంత ప్రదర్శనలు నడిపారు. 1968లో పెంపకందార్ల సంఘం ఏర్పడింది. 1976లో సీఎఫ్‌ఏ పూర్తి గుర్తింపునిచ్చింది. 1985లో మెయిన్ రాష్ట్రం దీన్ని తన అధికారిక పిల్లిగా ప్రకటించుకుంది. ఒక జాతి పునరుద్ధరణ కథగా చూస్తే ఇది చాలా చక్కని కథ.

నాకు ఇబ్బంది మొదలైంది ఇక్కడే.

గుర్తింపు రావాలంటే వంశావళి కావాలి. వంశావళి అంటే పుస్తకం, పుస్తకం అంటే దానికి అట్టలు. ఫలానా పిల్లి ఫలానా దానికి పుట్టిందని రాసుకోవడం మొదలుపెట్టాక, బయటినుంచి ఊరూపేరూ లేని పిల్లిని లోపలికి తెచ్చుకోవడం తగ్గుతుంది. మెయిన్ కూన్ విషయంలో గాదెల్లోంచి కొత్త పిల్లుల్ని తీసుకోవడం పూర్తిగా ఆగలేదు, కానీ బాగా సన్నబడింది. దానికి తోడు ప్రదర్శనల్లో గెలిచినవాటి పిల్లలకే గిరాకీ. ఒక మగపిల్లి బాగా గెలిస్తే దాని సంతానం వందల్లో ఉంటుంది. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడి మెయిన్ కూన్ వంశవృక్షం తీసుకుని వెనక్కి నడిచినా, దాని రక్తంలో సగానికి పైగా ఐదే ఐదు పిల్లులకు చేరుతుందని ఈ వంశావళుల్ని లెక్కకట్టిన పెంపకందార్లే ఒప్పుకుంటారు. ఐదు! మా అపార్ట్‌మెంటులో అంతకంటే ఎక్కువ లిఫ్టులున్నాయి.

నా ఉద్యోగంలో దీనికి దగ్గరి అనుభవం ఒకటుంది. ఒక పాత ప్రోగ్రామును కాపీ చేసుకుని నలభై కొత్త ప్రోగ్రాములు కడతారు. పాతదాంట్లో నిద్రపోతున్న తప్పు ఒకటుంటే అది నలభైలోకీ వెళ్తుంది. ఎవరూ దాన్ని రాయలేదు. అందరి దగ్గరా ఉంది. ఆ పోలిక ఇంతవరకే పనికొస్తుంది. ప్రోగ్రాములో తప్పు కనిపిస్తే దిద్దుతాం. పిల్లిని దిద్దలేం.

ఇప్పుడు జబ్బు చరిత్ర. ఇది మొదలు కనిపించింది మనుషుల్లో. డోనాల్డ్ టియర్ అని లండన్‌లో శవపరీక్షలు చేసే పేథాలజిస్టు, 1958లో ఎనిమిది గుండెల గురించి ఒక వ్యాసం రాశాడు. అందరూ చిన్న వయసువాళ్ళు, చాలామంది హఠాత్తుగా చనిపోయినవాళ్ళు. గుండె రెండు గదుల మధ్య గోడ ఒకవైపు వికారంగా లావెక్కి ఉంది. హెచ్‌సీఎం చరిత్ర ఎవరు రాసినా ఈయనతోనే మొదలుపెడతారు. (ఇదే టియర్ 1970లో గిటారు వాద్యకారుడు జిమీ హెండ్రిక్స్ శవపరీక్ష చేశాడు, 1973లో బ్రూస్ లీ మరణ విచారణలో సాక్ష్యం చెప్పాడు. దీనికీ పిల్లులకూ సంబంధం లేదు. తెలిశాక చెప్పకుండా ఉండలేకపోయాను.)

పిల్లుల్లో కూడా ఇలాంటిదే ఉందని 1970లలో న్యూయార్కు యానిమల్ మెడికల్ సెంటర్‌లో ల్యూ, టిలీ అనే డాక్టర్లు గుర్తించారు. 1977లో వాళ్ళు రాసిన వ్యాసం శీర్షికలోనే ఇది మనిషి జబ్బుకి నమూనాగా పనికొస్తుందని అన్నారు. అప్పట్లో పిల్లుల గుండె జబ్బులు రెండు రకాలుగా కనిపించేవి. ఒకదాంట్లో గోడ దళసరెక్కుతుంది. రెండోదాంట్లో గోడ పల్చబడి, గుండె సంచిలా సాగిపోతుంది. ఈ రెండో దాని కథ చెప్పకుండా ముందుకెళ్ళడం అన్యాయం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పాల్ పియన్, మార్క్ కిటిల్‌సన్, వాళ్ళ సహచరులు 1987లో సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. సాగిపోయిన గుండెలున్న పిల్లుల రక్తంలో టారిన్ అనే పదార్థం తక్కువగా ఉంది. పిల్లి తనకు చాలినంత టారిన్ తయారుచేసుకోలేదు, మాంసంలోంచి రావాల్సిందే. డబ్బాల్లో అమ్మే తిండిలో అది చాలడం లేదు. టారిన్ ఇస్తే గుండె తిరిగి దారిలో పడింది. గుండె కండరం జబ్బు వెనక్కి తిరగడం అనేది అప్పటికి దాదాపు వినని మాట. తిండి కంపెనీలు టారిన్ పెంచాయి. కొన్నేళ్ళలో ఆ జబ్బు ఆసుపత్రుల్లో అరుదైపోయింది. ఎన్ని వేల పిల్లులు అప్పటిదాకా అర్ధాంతరంగా పోయాయో గానీ, మందు మాత్రం తిండిలో కలిపే ఒక పొడి.

అదే కిటిల్‌సన్ తర్వాత మొదటిరకం జబ్బు వెంట పడ్డాడు. ఇది పొడికి లొంగలేదు. మెయిన్ కూన్‌లలో ఇది కుటుంబాల వెంట నడుస్తోందని అనుమానం. డేవిస్‌లో జబ్బున్న మెయిన్ కూన్‌లను పెంచి, జతకట్టించి, పుట్టిన ప్రతి పిల్లకూ ఎకో తీస్తూ పోయారు. 1999లో సర్క్యులేషన్ అనే గుండెవైద్యుల పత్రికలో ఫలితం వచ్చింది: జబ్బు వంశపారంపర్యమే, తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి నుంచి ఒక్క చెడ్డ ప్రతి వచ్చినా చాలు. జబ్బు పిల్లుల్ని కావాలని పుట్టించడం గురించి చదువుతున్నప్పుడు భీముడు నా కీబోర్డు పక్కన పడుకుని ఉన్నాడు. కాసేపు చదవడం ఆపేశాను. తర్వాత మళ్ళీ చదివాను. వాటి వల్ల తెలిసినదాని మీదే భీముడి వైద్యం నడుస్తోంది కాబట్టి నీతులు చెప్పే స్థానంలో నేను లేను.

2005లో కేట్ మ్యూర్స్, కిటిల్‌సన్ బృందం అసలు తప్పు ఎక్కడుందో పట్టుకుంది. ఎంవైబీపీసీ3 అనే జన్యువు. గుండె కండరంలో మయోసిన్ అనే పోగులు ఆక్టిన్ అనే పోగుల్ని పట్టి లాగితే గుండె ముడుచుకుంటుంది. ఈ జన్యువు తయారుచేసే ప్రోటీను ఆ లాగుడుకి బ్రేకు లాంటిది. మెయిన్ కూన్‌లో ఆ ప్రోటీను గొలుసులో ముప్పై ఒకటో పూస అలనీన్ ఉండాల్సిన చోట ప్రోలీన్ ఉంది. డీఎన్ఏలో మారింది ఒక్క అక్షరం. బ్రేకు సరిగా పడదు, కండరం అదేపనిగా లాగుతుంది, లాగిలాగి గోడ బలుస్తుంది. గోడ బలిసినకొద్దీ లోపలి గది ఇరుకవుతుంది, బిరుసెక్కి రక్తాన్ని సరిగా నింపుకోదు. పై గది ఉబ్బుతుంది. అక్కడ రక్తం నిలవుండి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఒకరోజు జారి, పెద్ద ధమని వెనక కాళ్ళకు చీలేచోట ఇరుక్కుంటుంది. నిన్నటిదాకా బీరువా మీదకి దూకిన పిల్లి వెనక కాళ్ళు చల్లబడి, ఈడ్చుకుంటూ అరుస్తుంది. చాలా ఇళ్ళలో ఈ జబ్బు ఉందని తెలిసే మొదటి రోజు అదే. అన్ని పిల్లులకూ ఇలా జరగదు. చాలావాటికి ఏమీ జరక్కుండానే జీవితం గడిచిపోతుంది. ఏది ఏ కోవలోకి వస్తుందో ముందు చెప్పడమే కష్టం.

జన్యువు తెలిసింది కాబట్టి పరీక్ష వచ్చింది. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపితే చాలు. దేశదేశాల నుంచి నమూనాలు వచ్చాయి. మెయిన్ కూన్‌లలో దాదాపు మూడో వంతుకి ఆ మార్పు ఉందని తేలింది!

మొదట వచ్చిన ఆలోచన మనందరికీ వచ్చేదే: ఉన్నవాటన్నిటినీ సంతానానికి పనికిరావని పక్కన పెట్టేస్తే? కానీ పునాదిలో ఐదు పిల్లులున్న జాతిలోంచి మూడో వంతు ఒక్కసారి తీసేస్తే మిగిలినవి ఇంకా దగ్గరి చుట్టాలవుతాయి, అప్పుడు ఇంకెక్కడో దాక్కున్న జబ్బు తలెత్తుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అందుకని జన్యుశాస్త్రం తెలిసినవాళ్ళు చెప్పింది వేరు. రెండు చెడ్డ ప్రతులున్నవాటికి ప్రమాదం చాలా ఎక్కువ, వాటిని వాడొద్దు. ఒకటే ఉన్నది మిగతా అన్నిటిలో మంచిదైతే, ఏమీ లేనిదాంతో జతకట్టి, పిల్లల్లో శుభ్రమైనవాటిని ముందుకు తీసుకెళ్ళండి. తరాల మీద తగ్గించండి. ఈ ఓపిక మార్కెట్టుకి అంత సులువుగా రాదు. కొనేవాడికి కావాల్సింది నెగటివ్ అనే ఒక్క మాట. నేనూ అలా కొన్నవాణ్ణే.

ఇంకో తమాషా జరిగింది. అదే జన్యువులో ఏ74టీ అనే మరో మార్పుకి కూడా పరీక్షలు అమ్మారు. కొన్నేళ్ళకు, జబ్బుకీ దానికీ సంబంధమే లేదని వేరే పరిశోధనలు తేల్చాయి. ఈలోగా దాని పేరు మీద ఎన్ని మంచి పిల్లుల్ని పక్కన పెట్టారో!

నా కాగితం సంగతి ఇప్పుడు అర్థమైపోయింది కదా. నెగటివ్ అంటే ముప్పై ఒకటో పూస సరిగా ఉందని, అంతే. మెయిన్ కూన్‌లలో కూడా ఆ మార్పు లేకుండా హెచ్‌సీఎం వచ్చినవి ఉన్నాయి. అంటే ఇంకా పేరు పెట్టని తప్పులు ఉన్నాయి. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నేనే చెబుతుంటాను, టెస్టు పాసయితే ఆ టెస్టు పట్టుకోగల తప్పు లేదని మాత్రమే అర్థమని. ఇరవై ఏళ్ళుగా అదే పనిలో ఉన్నవాడిలాగా చెబుతాను. పిల్లి కొనేటప్పుడు మాత్రం కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. ఎకో తీయించారా, ఎన్నో ఏట తీయించారా, తాత పిల్లి ఎలా పోయింది అని అడగాలని తట్టలేదు. స్వీడన్‌లో మొదలైన పాపెడ్స్ లాంటి సంస్థలు పెంపకపు పిల్లుల ఎకో ఫలితాల్ని, మంచివైనా చెడ్డవైనా, అందరికీ కనిపించేలా పెడతాయి. అలాంటిదొకటి ఉందని కూడా నాకు అప్పుడు తెలియదు.

గుండె ఒక్కటే కాదు ఈ జాతికి. తుంటి కీలు వదులుగా ఉండడం పెద్ద కుక్కల్లో మామూలు, పిల్లుల్లో అరుదు. ఎక్స్‌రేలు తీయించి నమోదు చేయించిన మెయిన్ కూన్‌లలో సుమారు నాలుగో వంతుకి అది ఉందని తేలింది. బరువు పెరిగినకొద్దీ ఎక్కువ. పెద్ద పిల్లి కావాలని కోరుకున్నది మనమే. వెన్నుపాములో నరాల కణాలు చచ్చి, మూణ్ణాలుగు నెలల కూన వెనక కాళ్ళు బలహీనమైపోయే జబ్బు ఇంకొకటి. దానికి కారణమైన లోపాన్ని, దాదాపు లక్షా నలభై వేల అక్షరాలు ఎగిరిపోయిన తునకని, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫైఫ్ బృందం 2006లో పట్టుకుంది. ఇందులో తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడ్డ ప్రతులూ వస్తేనే జబ్బు కాబట్టి పరీక్ష పెట్టి తప్పించడం తేలిక. ఇక్కడొక విచిత్రం ఉంది. మెయిన్ పిల్లుల్లో ఒకప్పుడు ఆరేసి వేళ్ళున్నవి చాలా ఉండేవట. వాటికి ఆ అదనపు వేలు వల్ల మామూలుగా నష్టమేమీ లేదు. కానీ అది కంటికి కనిపిస్తుంది. ప్రదర్శనల్లో తప్పు కింద లెక్కగట్టారు, అవి పుస్తకంలోంచి దాదాపు మాయమయ్యాయి. లోపలున్నది ఎవరికీ కనిపించలేదు, పోతూపోతూ వెండి పట్టెడలు కూడా గెలుచుకుంది.

అసలు ప్రకృతి అయినా దీన్నెందుకు ఏరెయ్యలేదు అనేది నా తర్వాతి ప్రశ్న. జవాబు వయసులో ఉంది. పిల్లికి ఏడాది నిండేసరికి సంతానం. గోడ బలిసేది చాలావాటికి ఆ తర్వాత. జబ్బు బయటపడేసరికి జన్యువు తన పని చేసుకుని తర్వాతి తరంలోకి వెళ్ళిపోయి ఉంటుంది.

ఈ వాక్యం నోట్సులో రాసుకున్న రాత్రే ఎంవైబీపీసీ3 అని వెతుకుతుంటే ఒక వ్యాసం దొరికింది. 2009, నేచర్ జెనెటిక్స్. దండపాణి అనే పరిశోధకుడు మొదటి పేరు. హైదరాబాదు సీసీఎంబీ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్. పిల్లుల గురించి కాదు, మన గురించి.

అదే జన్యువులో ఇరవై ఐదు అక్షరాలు ఎగిరిపోయిన ఒక రూపం దక్షిణాసియా జనంలో సుమారు నాలుగు శాతం మందిలో ఉంది. వందకి నలుగురు! మా అపార్ట్‌మెంటులో దీపావళికి చేరే జనాన్ని మనసులో లెక్కపెట్టుకున్నాను. అది ఉన్నవాళ్ళకి గుండె కండరం జబ్బులు వచ్చే అవకాశం లేనివాళ్ళకంటే చాలా రెట్లు ఎక్కువని ఆ వ్యాసం లెక్క. సుమారు 33 వేల ఏళ్ళ కిందట పుట్టిన మార్పని అంచనా. చిన్న వయసులో చాలామందికి ఏమీ తెలియదు, నడివయసు దాటాక బయటపడుతుంది. పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టేశాక. ఎందుకు ఇన్నాళ్ళు మిగిలిందన్న ప్రశ్నకు వాళ్ళ జవాబు, నేను పిల్లుల గురించి నోట్సులో రాసుకున్నదే.

తర్వాతి పరిశోధనలు దీన్ని కొంత మెత్తబరిచాయి. 2018లో అమెరికాలో శక్తివేల్ సదయప్పన్ బృందం చెప్పినదాన్ని బట్టి, ఈ లోపం ఉన్నవాళ్ళందరూ ఒకటి కాదు. అదే జన్యువులో మరో చిన్న మార్పు కూడా తోడైన కొద్దిమందికే ప్రమాదం ఎక్కువ. అంటే నా పిల్లి కాగితం కథే ఇక్కడా. పాజిటివ్ అనగానే జబ్బు కాదు, నెగటివ్ అనగానే భరోసా కాదు.

మనుషుల్ని పిల్లులతో పోల్చడం ఎక్కడ ఆపాలో నాకు తెలుసు. ఈ ఇరవై ఐదు అక్షరాల లోపం ఏ ఒక్క కులానిదో కాదు, ఉపఖండమంతా పరుచుకుని ఉంది. కానీ పుస్తకానికి అట్టలు వెయ్యడం అనే మాట రాశాక, మన సంగతి తలుచుకోకుండా ఎలా? 2017లో తంగరాజ్, డేవిడ్ రైక్ వాళ్ళు దక్షిణాసియాలో 263 సమూహాల జన్యువులు చూసి, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే దిగి, లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చాయనీ, ఆ ముద్ర ఈ విషయంలో పేరుమోసిన ఫిన్లాండు వాళ్ళలో కంటే బలంగా ఉందనీ చెప్పారు. వాళ్ళిచ్చిన ఉదాహరణ మన తెలుగువాళ్ళే. వైశ్యుల్లో కొందరికి ఆపరేషనప్పుడు ఇచ్చే ఒక రకం కండరాల మందు శరీరంలో అరగదు, తిరిగి ఊపిరి అందుకోవడం ఆలస్యమవుతుంది. మన మత్తు డాక్టర్లకు ఇది అనుభవం మీద ముందే తెలుసు, వెనకున్న జన్యువు కూడా తెలిసిందే. ఆ ఒక్క ప్రశ్న, “మీరేమిట్లు?” అనే ప్రశ్న, మనిషి ప్రాణం కాపాడడానికి అడిగే చోటు అదొక్కటే అనుకుంటాను.

మందుల సంగతికి వస్తే, ఇక్కడ పిల్లుల బాకీ మనమే ఉన్నాం. 2016లో డేవిస్‌లో జాషువా స్టర్న్ బృందం, అదే ముప్పై ఒకటో పూస మారిన ఐదు పిల్లులకు, కండరం లాగుడుని తగ్గించే ఒక కొత్త మందు ఇచ్చి, గుండెలో అడ్డు తగ్గడం ఎకోలో చూశారు. మావాకామ్టెన్ అనే పేరుతో 2022లో అది అమెరికాలో మనుషులకు అనుమతి పొందింది. పిల్లులకు మాత్రం చాలాకాలం గడ్డ కట్టకుండా క్లోపిడోగ్రెల్, ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నీరు తీసే మాత్రలు, ఇంతే. 2025లో ఆ దేశపు మందుల సంస్థ సిరోలిమస్ మాత్రలకి షరతులతో అనుమతిచ్చింది, జబ్బు లక్షణాలు ఇంకా బయటపడని పిల్లులకి, వారానికోసారి. గోడ బలవడాన్ని ఆపగలదేమో అని ఆశ. భీముడికి మొదలుపెట్టాం. శనివారం పొద్దున్న మా ఆవిడ వాణ్ణి తువ్వాల్లో చుట్టి పట్టుకుంటుంది, నేను నోరు తెరుస్తాను. వాడు మాత్ర మింగినట్టు నటించి సోఫా వెనక ఉమ్మేస్తాడు. మళ్ళీ మొదలు.

ఇదంతా అమ్మకి చెప్పాను, ముక్కలు ముక్కలుగా, నాలుగైదు ఫోన్లలో. నాలుగు శాతం సంగతి చెప్పిన రోజు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, “మీ బాబాయికి కూడా గుండె వాచిందనే అన్నార్రా గుంటూరులో. మీకప్పుడు చెప్పలేదు, చిన్నపిల్లలని.”

బాబాయి పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆయనకి నలభై మూడు. పెళ్ళి పందిట్లో వడ్డిస్తూ కూలబడ్డాడు. ఎండదెబ్బ అని చెప్పారు మాకు. కాగితాలేమీ లేవు, ఉన్నా ఆ రోజుల్లో జన్యువు ఎవరు చూస్తారు. అది ఇదేనని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. కాదని చెప్పడానికీ లేదు.

ఏప్రిల్లో నేనూ ఎకో తీయించుకున్నాను. మనిషికి పదిహేను మిల్లీమీటర్లు వస్తే జబ్బంటారు, ఇంట్లో ఎవరికైనా ఉంటే పదమూడుకే. నాది పది. జన్యుపరీక్ష కూడా చేయించుకుంటారా అని డాక్టరు అడిగాడు. ఆలోచించుకుని చెబుతానన్నాను. చెల్లికి ఫోన్ చేసి బాబాయి సంగతి చెప్పాలి, బాబాయి పిల్లలిద్దరికీ చెప్పాలి. పెద్దవాడికి వచ్చే నెలలో నలభై నిండుతాయి. ఏమని మొదలుపెట్టాలో తెలియక ఇంకా ఫోన్ చెయ్యలేదు, మా పిల్లికి గుండె జబ్బు వచ్చిందిరా అనా?